అక్షరాల ఎత్తు పెంచుటకు అనుమతి

తన గోడ ఎక్కడ కట్టుకోవాలో తనే నిర్ణయించుకున్నంత కాలం మనిషి అడవిలో ఉన్నాడు. ఆ నిర్ణయాన్ని మరొకరికి అప్పజెప్పి, దాని కోసం టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చున్న రోజునే నాగరికుడయ్యాడు. వ్యక్తిగత బ్లాగుల విషయంలో ఈ నాగరికత కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుంది.

అంతకుముందు బ్లాగుల లోకం తాడూ బొంగరం లేకుండా ఉండేది. నల్లటి గోడ మీద పసుపుపచ్చ అక్షరాలతో రాసుకునేవాళ్లు రాసుకునేవారు. పేజీ తెరవగానే పైనుంచి మంచు రాలేలా పెట్టుకున్నవాళ్లూ, ఎవరూ అడక్కుండానే వేణువు మోగేలా పెట్టుకున్నవాళ్లూ ఉండేవారు. ఇంకొందరు ఏడాదికి నాలుగుసార్లు బ్లాగు రూపు మార్చి, 'కొత్త రూపం ఎలా ఉంది మిత్రులారా?' అని ఒక పోస్టు పెట్టేవారు. వాళ్లు ఆ ఏడాదంతా రాసింది అదొక్కటే. ఈ దారుణాన్ని చూసి చలించిపోయిన ప్రభుత్వం బ్లాగుల రూపురేఖల్ని కట్టడాల అనుమతుల విభాగం కిందికి తెచ్చింది. ఆ విభాగమే ఎందుకంటే, ఊళ్లో కట్టడానికి ఖాళీ స్థలం అయిపోయింది, విభాగంలో సిబ్బంది మాత్రం అయిపోలేదు.

నిబంధనలు కొత్తగా రాయలేదు. పాత నిబంధనల పుస్తకంలో 'ఇల్లు' అని ఉన్నచోటల్లా 'బ్లాగు' అని రబ్బరు ముద్ర కొట్టారు. (ముద్ర కొట్టడానికి ఒక కమిటీ, ముద్ర సరిగ్గా పడిందో లేదో చూడడానికి ఇంకో కమిటీ.) అందుకే నేటికీ ప్రతి బ్లాగుకీ చుట్టూ ఖాళీ వదలాలి, గాలీ వెలుతురూ వచ్చే దారి చూపించాలి, మెట్ల కింద కరెంటు మీటరు ఎక్కడ పెడతారో గుర్తు పెట్టాలి.

ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉందన్న సంగతి ఒక లిఫ్టు మెకానిక్కి తెలియదు. తెలియాల్సిన అవసరమూ అప్పటిదాకా రాలేదు. ఆయన బ్లాగు పేరు 'రెండు అంతస్తుల మధ్య'. వారమంతా ఆగిపోయిన లిఫ్టుల్లోంచి జనాన్ని బయటికి తీయడం, ఆదివారం పొద్దున కూర్చుని ఆ వారం ఎవరెవరిని తీశాడో రాసుకోవడం ఆయన అలవాటు. లిఫ్టులో ఇరుక్కున్న మనిషి మొదట బెల్లు కొడతాడనీ, తర్వాత తలుపు కొడతాడనీ, ఆ తర్వాత పక్కవాడితో నిజాలు చెప్పడం మొదలుపెడతాడనీ ఆయన సిద్ధాంతం. పోట్లాడుకుంటూ ఎక్కిన భార్యాభర్తలు లోపల రాజీపడి, తీరా ఈయన తలుపు తీసేసరికి 'ఇంకో పది నిమిషాలాగి రాకూడదా' అని విసుక్కున్న వైనం ఆయన బ్లాగులో అందరూ చదవాల్సిన పోస్టు. చదివింది మాత్రం ఒక్కరే.

ఆ ఒక్కరూ ఆయన అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊరందరి మాటలూ విని విని, మాట ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు ఎవరూ లేరన్న నిశ్చయానికి వచ్చింది. ప్రతి ఆదివారం సాయంత్రం తమ్ముడి పోస్టు చదివి కింద ఒకే వ్యాఖ్య పెట్టేది: 'చదివాను. బాగాలేదు.' దాని కింద తమ్ముడు 'థాంక్స్ అక్కా' అని పెట్టేవాడు. ఏళ్ల తరబడి ఈ సాహిత్య చర్చ ఇలాగే సాగుతోంది. ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు మోకాళ్ల గురించీ, ఇంటి అద్దె గురించీ మాట్లాడుకునేవారు గానీ బ్లాగు ప్రసక్తి ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఆ వ్యాఖ్య రావడం కాస్త ఆలస్యమైతే మాత్రం మెకానిక్కి అన్నం సయించేది కాదు. బాగుందనిపించుకోవాలన్న ఆశ ఆయనకి లేకపోలేదు. కానీ ఆశ కంటే ముందు, చదివిందన్న మాట కావాలి. ఆయన రాసేదంతా ఆ ఒక్క మాట కోసమే.

ఒక ఆదివారం ఆ మాట రాలేదు. దాని బదులు ఇలా వచ్చింది: 'అక్షరాలు చీమల్లా ఉన్నాయి. సగమే చదవగలిగాను. ఆ సగం బాగాలేదు. పెద్దవి చెయ్యి, లేకపోతే మానేస్తాను.'

మెకానిక్ గుండె పదో అంతస్తు నుంచి నేల మీద పడింది. ఆయన భార్య పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది, ఎవరి మూలుగు ఎంతసేపు వినాలో తెలిసిన మనిషి. ఆవిడ ఓపిగ్గా విని, ఫోన్లో రెండు వేళ్లతో లాగితే అక్షరాలు పెద్దవవుతాయి కదా, ఆ మాట వదినకి చెప్పమంది. చెప్పాడు. లాగితే లైను పక్కకి పారిపోతోందనీ, లైన్ల వెనకాల పరిగెత్తే వయసు తనది కాదనీ జవాబొచ్చింది. పోనీ ఫోన్లో చదివి వినిపించనా అని అడిగాడు. గొంతుతో చదివితే ఎవరు రాసిందైనా బాగానే ఉంటుందనీ, తను మోసపోదలుచుకోలేదనీ అక్క ఫోను పెట్టేసింది.

అక్షరాల సైజు మార్చే మీట బ్లాగులోనే ఒక మూల ఉంటుంది. మెకానిక్ దాన్ని నొక్కాడు. 'ఈ మార్పు కట్టడం ఎత్తును ప్రభావితం చేయును. అనుమతి పొంది నొక్కవలెను' అని వచ్చింది.

సోమవారం సెలవు పెట్టి అనుమతుల ఆఫీసుకి వెళ్లాడు. ఆఫీసులో రెండు ఫ్యాన్లూ, ఒక ఫ్యాన్ కిందే అన్ని కుర్చీలూ ఉన్నాయి. కౌంటరులో గుమస్తా ఆయన చెప్పిందంతా విని, అక్షరం ఎత్తు పెరిగితే లైను ఎత్తు పెరుగుతుందనీ, లైను పెరిగితే పేరా, పేరా పెరిగితే పోస్టు, పోస్టు పెరిగితే మొత్తం బ్లాగు ఎత్తు పెరుగుతుందనీ, కనక ఇది పై అంతస్తు వేయడం కిందికి వస్తుందనీ నచ్చజెప్పాడు. లెక్క సరిగ్గానే ఉండడం వల్ల మెకానిక్కి కోపం కూడా రాలేదు. అర్జీ మీద ఎడమ మార్జిన్ల అసిస్టెంటు, కుడి మార్జిన్ల అసిస్టెంటు విడివిడిగా సంతకాలు పెట్టాలి. ఎడమాయన సీట్లో ఉన్నాడు. కుడాయన సెలవులో ఉన్నాడు. కుడి మార్జిన్ సంగతి ఎడమాయన చూడకూడదా అని అడిగితే, ఆఫీసంతా ఒక్క క్షణం పని ఆపి ఆయన వైపు చూసింది. (పని ఆపినట్టు ఆ చూపు వల్లే తెలిసింది.)

కుడాయన సెలవు అయిపోయాక ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చాడు. సన్నగా, కొంచెం వంగి, చేతిలో టేపుతో ఉన్న ఈ పెద్దమనిషి గుమ్మంలోనే చెప్పులు విడిచి, బ్లాగు ఎక్కడుందని మర్యాదగా అడిగాడు. మెకానిక్ కంప్యూటరు చూపించాడు. ఇన్‌స్పెక్టరు తెరని నాలుగు వైపులా కొలిచి, అనుమానం వచ్చి మెకానిక్ భార్య ఫోనులో కూడా బ్లాగు తెరిపించి కొలిచాడు. రెండు కొలతలూ కలవలేదు. ఒకే కట్టడం ఒకచోట పెద్దదిగా ఇంకోచోట చిన్నదిగా ఉండడం తన సర్వీసులో ఎన్నడూ చూడలేదని చెప్పి, రెంటినీ కూడి సగం చేసుకున్నాడు.

చుట్టూ వదలాల్సిన ఖాళీ చాలలేదు. అది ఊహించిందే. 'నా గురించి' అన్నచోట మెకానిక్ ఫోటోలోని టోపీ కుడి మార్జిన్లోకి పొడుచుకొచ్చిందని తేలింది. అది మాత్రం ఎవరూ ఊహించలేదు. ఆక్రమణ అంటే ఆక్రమణే కనక నోటీసు ఇవ్వక తప్పదన్నాడు ఇన్‌స్పెక్టరు. నోటీసుని బ్లాగు ముందు, రోడ్డు మీద పోయేవాడికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో అంటించాలన్నది నియమం. ఆయన బల్ల దగ్గర కూర్చుని, కలం తీసి, నుదురు రుద్దుకుని, ఒక వాక్యం రాసి కొట్టేసి, మళ్లీ రాశాడు. ఈలోగా రెండుసార్లు టీ ఇచ్చారు. అరగంట తర్వాత కాగితం మెకానిక్ భార్య చేతికి ఇచ్చి, ఆవిడ చదువుతున్నంతసేపూ ఆవిడ మొహంకేసే చూస్తూ నిలబడ్డాడు.

"పొందిగ్గా ఉందండీ" అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "వారానికో నోటీసైనా రాస్తానమ్మా. ఇన్నేళ్లలో ఒక్కళ్లూ చివరిదాకా చదవలేదు. ఎంత కట్టాలో చూసుకుని మడిచేస్తారు."

నోటీసు బ్లాగు ముందు అంటించారు. ఆ తర్వాత, పనులు జరిగే కట్టడం మీద దుమ్ము రేగకుండా తెర కప్పాలన్న ఇంకో నియమం ప్రకారం బ్లాగు మొత్తం మీద పచ్చటి తెర కప్పారు. నోటీసు తెర లోపలికి పోయింది. బ్లాగులో దుమ్ము ఎలా రేగుతుందని మెకానిక్ అడగబోయాడు గానీ, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని భార్య కళ్లతోనే ఆపేసింది. అప్పటినుంచి ఎవరు 'రెండు అంతస్తుల మధ్య' తెరిచినా పచ్చగా మాత్రమే కనబడేది.

ఇక మిగిలింది పొరుగువారి సమ్మతి. మెకానిక్ తన బ్లాగు పక్కన 'నాకు నచ్చిన బ్లాగులు' అని ఒకే ఒక్క బ్లాగుకి దారి పెట్టుకున్నాడు, అదీ మొహమాటానికి. పొరుగువారి దారి మూయకూడదు కనక అదొక్కటే పచ్చ తెర బయట మిగిలింది. ఆ బ్లాగు మందుల షాపాయనది. ఆయన షాపులో కొడుకుని కూర్చోబెట్టి, మేడ మీద కుండీల్లో పెంచే మొక్కల గురించి రోజూ రాస్తాడు. ఆయన అక్షరాలు ఒక్కొక్కటీ గుమ్మడికాయంత ఉంటాయి. నిబంధనలు రాకముందు కట్టింది కనక ఆ బ్లాగు పురాతన కట్టడాల జాబితాలో ఉంది, ఎవరూ వేలు పెట్టకూడదు. సమ్మతి కోసం వెళ్లిన మెకానిక్ని ఆయన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తులసి దగ్గర మొదలుపెట్టి కలబంద దాకా అన్నిటినీ పరిచయం చేసి, చివరికి సంతకం పెట్టనన్నాడు.

"నీ అక్షరాలు పెరిగితే మా బ్లాగుకి వెలుతురు ఆగిపోతుందయ్యా. నావి మొక్కలు. వెలుతురు లేకపోతే ఎలా బతుకుతాయి?"

మెకానిక్ ఈ వాదానికి జవాబు ఆలోచించుకుంటూ ఇల్లు చేరాడు. చేరేసరికి అక్క ఫోను. మోకాళ్ల గురించి అడగలేదు. అద్దె గురించి అడగలేదు. మొట్టమొదటిసారి నేరుగా బ్లాగు మాటే ఎత్తింది.

"ఒరే, నీ బ్లాగంతా పచ్చగా ఉందేమిట్రా? రెండు ఆదివారాల్నించీ చూస్తున్నాను."

పనులు జరుగుతున్నాయని చెప్పాడు.

"సరే కానివ్వు. చదవడానికేం లేక ఆ పక్కన ఉన్న మొక్కలాయన బ్లాగులోకి వెళ్లాను. అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. కరివేపాకు చిగురు వేసిందట. ఫరవాలేదు."

ఫోను పెట్టేశాక మెకానిక్ మంచం మీద కూలబడ్డాడు. ఫరవాలేదు! ఇన్నేళ్లలో, ఇన్ని లిఫ్టుల్లో, ఇంతమంది మనుషుల్ని చీకట్లోంచి వెలుతుర్లోకి లాగి రాస్తే తనకి దొరకని మాట ఒక కరివేపాకు రెమ్మకి దొరికింది. అదీ ఆ దారి తనే పెట్టాడు. ఆయనకి ఏడుపొచ్చింది. ఏడిస్తే భార్య నవ్వుతుందని ఊరుకున్నాడు. భార్య నవ్వలేదు. వదిన పూర్తిగా అటు మళ్లిపోకముందే ఆ తెర తీయించే మార్గం చూడమని, క్లినిక్కి ఆలస్యమవుతున్నా కూర్చుని ఇంకో అర్జీ తనే రాసిపెట్టింది.

ఆ అర్జీతో ఫైలు సూపరింటెండెంటు దాకా కదిలింది. సూపరింటెండెంటు నిమ్మకు నీరెత్తినట్టు ఉండే మనిషి. ఫైలు తిరగేసి, అక్షరాలూ మార్జిన్లూ సరేగానీ ఇంతకంటే పెద్ద లోపం ఒకటుందన్నాడు. బ్లాగులో పోస్టు మీద పోస్టు, పోస్టు మీద పోస్టు ఏళ్ల తరబడి పేర్చుకుంటూ పోయారు. అన్నిటికంటే పాతది నేలమీద, అన్నిటికంటే కొత్తది నడినెత్తిన. మూడు అంతస్తులు దాటిన ఏ కట్టడానికైనా లిఫ్టు ఉండి తీరాలి. మరి లిఫ్టేదీ?

ఈ వ్యవహారం మొదలయ్యాక మెకానిక్ మొహం వెలగడం ఇదే మొదలు. ఆయన లేచి నిలబడి, పేజీ కుడి పక్కన కిందికీ పైకీ తిరిగే కడ్డీ ఒకటుంటుందనీ, దాన్ని పట్టుకుని లాగితే మనిషి ఏ పోస్టు దగ్గరికి కావాలంటే అక్కడికి పోతాడనీ, అది లిఫ్టు కాక మరేమిటనీ అడిగాడు. సూపరింటెండెంటు ఆలోచించి, లిఫ్టేనని ఒప్పుకున్నాడు. అయితే లైసెన్సున్న మెకానిక్ దాన్ని పరీక్షించి, సవ్యంగా ఉందని సంతకం పెట్టాలి. ఆ వార్డులో లైసెన్సున్న మెకానిక్ ఈయనొక్కడే. సొంత లిఫ్టుకి సొంతంగా సంతకం పెట్టకూడదు. కానీ నిబంధనల్లో దీనికీ దారి ఉంది: యజమాని ఇంట్లో ఉండకూడదు, మెకానిక్ బయటినుంచి రావాలి.

అనుకున్న రోజున ఇన్‌స్పెక్టరు సమక్షంలో మెకానిక్ తన ఇంట్లోంచి యజమానిగా బయటికి వెళ్లాడు. వీధి చివరిదాకా పోయి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెకానిక్‌గా తిరిగొచ్చి బెల్లు కొట్టాడు. భార్య తలుపు తీసింది. లిఫ్టు చూడ్డానికి వచ్చానన్నాడు. మా ఆయన ఊళ్లో లేరు, చెప్పులు బయట విడిచి రండి అంది. ఇన్‌స్పెక్టరు ఇద్దరి మాటలూ రాసుకున్నాడు. ఆ పూటకి పచ్చ తెర ఒక అంచున ఎత్తి కట్టారు.

ఇక్కడే కొంప మునిగింది. కడ్డీని ఒకసారి అటూ ఇటూ లాగి, బాగానే ఉందని సంతకం పెట్టేస్తే సరిపోయేది. ఆ సంతకం కోసమే కదా ఈ నాటకమంతా. కానీ లిఫ్టు పరీక్షించడానికి చెయ్యి వేశాక ఆయన ఇక ఎవరి తమ్ముడూ కాదు, ఎవరి మొగుడూ కాదు. కళ్లు మూసుకుని, కడ్డీని కింది నుంచి పైకి నెమ్మదిగా తీసుకెళ్లాడు. మళ్లీ కిందికి తెచ్చాడు. మధ్యలో వదిలేశాడు. కళ్లు తెరిచి చూస్తే, తెర మీద పైన ఒక పోస్టు చివరి సగం, కింద ఇంకో పోస్టు మొదటి సగం ఉన్నాయి. ఇంకోసారి వదిలాడు. ఈసారి వాక్యం మధ్యలో ఆగింది.

"ఇది రెండు అంతస్తుల మధ్య ఆగుతోంది" అన్నాడు మెకానిక్. "నేను సంతకం పెట్టను."

భార్య ఆయనకేసి చూసింది. "మా ఆయన ఊరినుంచి వచ్చాక ఈ సంగతి మీరే చెప్పండి" అంది.

ఇన్‌స్పెక్టరుకి మాత్రం కళ్లు చెమర్చాయి. తన ఇంటి లిఫ్టుని తనే ఫెయిలు చేసిన మనిషిని ఆయన వినలేదు, కనలేదు. అందుకే ఆఫీసులో ఎవరూ చెప్పని మార్గం ఒకటి చెప్పాడు. మూడు అంతస్తులు దాటితేనే కదా లిఫ్టు? పైనున్నవన్నీ తీసేసి నేలమీది అంతస్తు ఒక్కటే ఉంచుకుంటే లిఫ్టు అక్కర్లేదు. ఎత్తే లేనప్పుడు పొరుగువాడి వెలుతురూ ఆగదు. అక్షరాలు ఎంత పెద్దవైనా చేసుకోవచ్చు. తీసేసిన పోస్టులు ఎక్కడికీ పోవు. విభాగం గోదాములో భద్రంగా ఉంటాయి. అర్జీ పెట్టుకుంటే పనిదినాల్లో వెళ్లి చూసుకోవచ్చు. (దూరం నుంచి.)

మెకానిక్ రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగాడు. రాజీపడిన భార్యాభర్తలు పోతారు. ఇరుక్కున్నాక, ఇంటికి తాళం వెయ్యలేదని గుర్తొచ్చి బావురుమన్న ఇంటాయన పోతాడు. బయటికి రానని మొండికేసిన వంటమనిషి పోతుంది. ఆయనకి వాళ్లందరి మీదా బెంగ పట్టుకుంది. ఒకసారి అందరినీ బయటికి తీసి, మళ్లీ తనే లోపలికి తోసి తలుపు వేస్తున్నట్టుంది. కానీ అక్కడ అక్క కరివేపాకు దాటి మల్లెల దాకా వెళ్లిందని వార్త. చదివే మనిషే లేకపోతే రాసినవి ఉండి ఏం లాభం? సంతకం పెట్టాడు. మందుల షాపాయన కూడా, మొక్కలకి ఎండ తగిలేలా ఉంటే తనకేం అభ్యంతరం లేదని పెట్టాడు.

పై అంతస్తులు తీసేశారు. నేలమీద మిగిలింది మెకానిక్ అందరికంటే ముందు రాసిన పోస్టు: 'టెస్టింగ్. కనబడుతోందా?' దాని చుట్టూ ముందువైపు, వెనకవైపు, ఎడమవైపు, కుడివైపు నియమం ప్రకారం ఖాళీ వదిలారు. ఖాళీలన్నీ వదిలాక ఆ రెండు మాటలూ ఫైరింజను తిరిగే దారికి అడ్డంగా ఉన్నాయని తేలింది. వాటినీ తీసేశారు. మిగిలిన చోటులో, కట్టడం పూర్తయినట్టు ధ్రువపత్రం పెట్టాలి. దాన్ని రోడ్డు మీద పోయేవాడికి కూడా కనబడే అక్షరాలతోనే పెట్టాలి. అక్షరాల ఎత్తు పెంచుటకు అనుమతి ఆ విధంగా మంజూరయింది.

ధ్రువపత్రం ఇన్‌స్పెక్టరే రాశాడు. ఈసారి ఒక పూట పట్టింది. శనివారం సాయంత్రం పచ్చ తెర తీశారు. తెల్లటి పేజీ మధ్యలో, నల్లటి అక్షరాలు, ఒక్కొక్కటీ గుమ్మడికాయంత:

'ఈ కట్టడాన్ని అన్ని వైపుల నుంచీ చూశాను. గోడలు నిటారుగా ఉన్నాయి. వెలుతురు ధారాళంగా వస్తోంది. లోపల ఎవరూ లేరు. ఎవరికీ ప్రమాదం లేదు.'

ఆదివారం మెకానిక్ ఏమీ రాయలేదు. రాయడానికి చోటు లేదు, చోటు కోసం పెట్టుకోవాల్సిన అర్జీ వేరే ఉంది. అయినా సాయంత్రం అలవాటు కొద్దీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. భార్య కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. వదిన ఎలాగూ మొక్కల దగ్గరే ఉంటుంది, ఊరికే కళ్లు కాయలు కాసేలా చూడకండి అంటూనే తనూ చూస్తోంది. ఎప్పుడూ వచ్చే వేళకే వ్యాఖ్య వచ్చింది.

'చదివాను. బాగుంది. అక్షరాలూ బాగున్నాయి. లోపల ఎవరూ లేరు అన్నచోట కాసేపు ఆగిపోయాను. ఇంత చక్కగా రాయగలిగినవాడివి, ఇన్నేళ్లూ ఆ లిఫ్టుల సోదంతా ఎందుకు రాశావురా?'

మెకానిక్ దాన్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాడు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది. 'అక్కా, అది నేను రాసింది కాదు' అని టైపు చేశాడు. కాసేపు దానికేసి చూసి, ఒక్కొక్క అక్షరమే చెరిపేశాడు. ఎప్పటిలాగే 'థాంక్స్ అక్కా' అని పెట్టాడు. వెంటనే ఇంకో వ్యాఖ్య వచ్చింది: 'వచ్చే ఆదివారం కూడా ఇలాగే రాయి. మొక్కలాయన మరీ సాగదీస్తున్నాడు.'

సోమవారం పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్లి, టోకెన్ తీసుకుని, బెంచీ మీద కూర్చుని, తన వంతు వచ్చాక తన మీద తనే ఫిర్యాదు ఇచ్చాడు. తన బ్లాగులో తీవ్రమైన ఉల్లంఘన జరిగిందనీ, ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వచ్చి చూసి, వివరంగా నోటీసు రాసి, ఆదివారంలోగా బ్లాగు ముందు అంటించాలనీ అందులో కోరాడు. గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పి, ఏం ఉల్లంఘనో రాయలేదేమని అడిగాడు.

"అది సార్ ఇష్టమండీ" అన్నాడు మెకానిక్. "రాసేవాళ్లకి స్వేచ్ఛ ఉండాలి కదా."